నానమ్మ అడిగిన ప్రశ్నకు పీహెచ్‌డీలో జవాబు దొరుకుతుందా?

ప్రశ్న: సార్, మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోయింది, సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. మా ఊరి నీళ్ల మీదే పీహెచ్‌డీ చేద్దామనుకున్నాను. గైడుగా ఉంటానన్న సార్ మాత్రం ‘ఫ్లోరైడ్ మీద అందరూ చేసేశారమ్మా, కొత్తదేం లేదు. మెషీన్ లెర్నింగ్ పెట్టి ఏ బోరులో ఫ్లోరైడ్ ఎంతుంటుందో అంచనా వేసే టాపిక్ తీసుకో, పేపర్లు తొందరగా వస్తాయి’ అంటున్నారు. ఇంట్లో సంగతి ఇంకోలా ఉంది. నాన్నకు రెండెకరాల బత్తాయి తోట, ఎకరంన్నర పత్తి. ‘ఇంకో ఐదేండ్లు చదువుడేంది, గ్రూప్-2 రాయి’ అంటారు. నానమ్మకు నడుము వంగిపోయి చాలా ఏళ్లయింది. ఆమె అన్న మాట మాత్రం మర్చిపోలేకపోతున్నాను. ‘నా చిన్నప్పటి సంది ఎంతమందో వచ్చిన్రు బిడ్డా. సీసాలల్ల నీళ్లు పట్కపోయిన్రు, కాళ్లు చేతులు ఫొటోలు దీస్కపోయిన్రు, ఒకసారి రక్తం గూడ తీస్కున్నరు. మల్ల వచ్చి గిది గిట్లున్నదని చెప్పినోడు ఒక్కడు లేడు. నువ్వు గూడ గంతేనా?’ అంది. ఇప్పుడు ఇంటింటికీ భగీరథ నల్లా కూడా వచ్చింది. ఇంకా పరిశోధించడానికి ఏమైనా మిగిలిందా? అసలు యూనివర్సిటీ పరిశోధన వల్ల మాలాంటి ఊళ్లకు ఒరిగేదేమైనా ఉందా?
- ఓ పాఠకురాలు, మర్రిగూడ మండలం

జవాబు:

బిడ్డా, నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. నాన్నది డబ్బు ప్రశ్న, గైడుది పేపర్ల ప్రశ్న, నానమ్మది లెక్క అప్పజెప్పమనే ప్రశ్న. నానమ్మదే అన్నిటికన్నా కష్టమైనది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. నల్లగొండ ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బు) గురించి సిద్ధిఖీ అనే వైద్యుడు రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అదే ఏడాది డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అంటే సాగర్‌కు మొదటి రాయి పడే నాటికే మన జిల్లా ఎముకల జబ్బు లండన్‌లో చదివేవాళ్లకు తెలుసు. మీ ఊళ్లో మాత్రం ‘నీళ్లల్ల ఏదో ఉన్నదంట’ అన్న దగ్గరే ఇంకొన్నేళ్లు ఆగిపోయి ఉంటుంది.

ఆ తర్వాతి కథ నీకు పనికొస్తుంది, కాస్త ఓపికగా చదువు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మన ఊళ్లలో ఒక కొత్త సంగతి గమనించి లాన్సెట్ పత్రికలో రాశారు. అప్పటిదాకా ఫ్లోరోసిస్ అంటే పెద్దవాళ్ల నడుము, మెడ బిగుసుకుపోవడం. వీళ్లకు కనిపించింది కుర్రవాళ్లు. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, కాళ్ల ఎముకలు గుల్లబారుతున్నాయి. నీళ్లలో ఫ్లోరైడ్ పాతదే, మరి ఈ కాళ్లు ఎందుకు కొత్త? వాళ్లు వంటింట్లోకి తొంగిచూశారు. జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా ఉంటోందని, దానివల్ల ఒంట్లోని రాగి బయటికి పోతోందని తేలింది. సాగర్ కట్టాక చుట్టుపక్కల భూగర్భజలం పైకొచ్చి నేల గుణం మారడానికీ దీనికీ సంబంధం ఉందని కూడా ప్రతిపాదించారు. డ్యాం, నేల, జొన్నరొట్టె, పిల్లవాడి మోకాలు - ఈ నాలుగూ ఒకే ప్రశ్నలో ఉన్నాయని చూడగలిగారు. నీళ్లు పరీక్షించి ఊరుకుని ఉంటే ఇది దొరికేది కాదు. నేను చదివిన నల్లగొండ పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

రెండోది నువ్వు కెమిస్ట్రీ క్లాసులో చదువుకునే ఉంటావు, నల్గొండ టెక్నిక్. నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ తయారు చేసింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలపాలి, ముందు గబగబా, తర్వాత మెల్లగా తిప్పాలి. తెట్టెలాంటిది కట్టి అడుగుకు దిగుతుంది, దాంతోపాటే ఫ్లోరైడ్ దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంచుకోవడమే. ఇంట్లో బకెట్‌లోనూ చేసుకోవచ్చు, ఊరికంతా ట్యాంకు కట్టీ చేయొచ్చు. ఇథియోపియా, టాంజానియా, కెన్యా దాకా మన జిల్లా పేరుతోనే వెళ్లింది. ఇక్కడ కట్టిన ప్లాంట్లు మాత్రం చాలావరకు మూలనపడ్డాయి. కెమిస్ట్రీ తప్పయి కాదు. నీటి క్షారతను బట్టి పటిక మోతాదు మారుతుంది, లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు వేయాల్సి వస్తుంది. రోజూ ఆ కొలత చూసి వేసే మనిషి కావాలి, అతనికి జీతం ఇచ్చేవాళ్లు కావాలి, అడుగున మిగిలిన బురద ఎక్కడ పోయాలో తెలియాలి. నీళ్లు కొంచెం రుచి మారినా ఆడవాళ్లు బిందె పక్కన పెట్టి మళ్లీ పాత బోరుకే పోతారు. ల్యాబులో నెగ్గిన టెక్నాలజీ ఊళ్లో ఎక్కడ జారిందో చెప్పే థీసిస్‌లు, ఆ టెక్నాలజీ ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే థీసిస్‌లతో పోలిస్తే బహు తక్కువ.

ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. మన జిల్లాకు కృష్ణా నీళ్లు వచ్చింది పరిశోధన పత్రాల వల్ల మాత్రమే కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు. జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేస్తే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎన్నికే వాయిదా పడింది. శివన్నగూడెం అంశల స్వామి తన వంకర్లు పోయిన శరీరాన్నే సాక్ష్యంగా ఢిల్లీ దాకా తీసుకెళ్లాడు. ఆయన మీ మండలంవాడే, 2023లో పోయాడు. అంకెలు చేయలేని పని ఆ మనుషులు చేశారు. కానీ ‘మా నీళ్లలో విషం ఉంది’ అని అంత గట్టిగా అనగలిగారంటే, ఆ విషం పేరు, మోతాదు అంతకుముందే ఎవరో కొలిచి పెట్టడం వల్ల కూడా. నానమ్మకు ఈ ముక్క చెప్పు. ఆమె సీసాలో పోసిచ్చిన నీళ్లు పూర్తిగా వృథా పోలేదు. ఆమెకు తిరిగొచ్చి చెప్పకపోవడం మాత్రం తప్పే, దానికి సాకు లేదు.

ఇక మీ సార్ ‘కొత్తదేం లేదు’ అన్నారే, అక్కడ నేను ఒప్పుకోను.

ఏ బోరులో ఎంత ఫ్లోరైడ్ ఉంది, గ్రానైట్ రాళ్లలోంచి ఎలా కరుగుతోంది, కాల్షియం తక్కువగా ఉండి బైకార్బనేట్ ఎక్కువైన నీళ్లలో ఎందుకు పెరుగుతోంది - వీటి మీద నిజంగానే బోలెడు పని జరిగింది. థీసిస్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే శోధ్‌గంగలో వెతికితే నీకే గుట్టలుగా దొరుకుతాయి. ఇంకో బోరుబావుల పట్టిక తయారు చేయమని నేనూ చెప్పను. ప్రశ్న ఇప్పుడు వేరే చోటికి మారింది. భగీరథకు, అదే అప్పటి మాటలో వాటర్‌గ్రిడ్‌కు, చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించింది 2015లో. ఆ తర్వాత రెండు మూడేళ్లలో మీ వైపు ఊళ్లకు నల్లాలు వచ్చాయి. నీళ్లు మారాయి సరే, ఒంట్లో ఏం మారింది?

దీనికి సాక్ష్యం పిల్లల నోట్లోనే ఉంది. పళ్లు గారపట్టడం ఎప్పుడు పడితే అప్పుడు జరగదు. చిగురు లోపల పన్ను తయారవుతున్న వయసులో తాగిన నీళ్లే దాని మీద గీత గీస్తాయి. ముందు పళ్లకైతే అది పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ల లోపు కాలం. ఆ పళ్లు బయటికొచ్చేది ఆరు నుంచి ఎనిమిదేళ్లకు. అంటే నల్లా వచ్చాక 2018 ప్రాంతంలో పుట్టిన పిల్లలకు పాలపళ్లు ఊడి అసలు పళ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. నీ ముందు ఒక తరం నోరు తెరిచి నిలబడుతోంది. పదేళ్ల కిందైతే ఈ పరిశోధన చేయడానికి వీల్లేదు. ఇంకో పదిహేనేళ్లకు పోల్చడానికి పాత పళ్లవాళ్లు పెళ్లిళ్లయి, ఉద్యోగాలకు పోయి తలో దిక్కూ అయిపోతారు.

ఒకే ఇంట్లో 2010లో పుట్టిన అక్కను, 2018లో పుట్టిన తమ్ముణ్ని పోల్చు. తల్లి ఒకతే, వంట ఒకటే, ఇల్లు ఒకటే, మారింది ప్రధానంగా నీళ్లు. పళ్లను అంచనా వేయడానికి డీన్ సూచిక ఉండనే ఉంది, మామూలు పన్ను నుంచి తీవ్రమైన గార దాకా ఆరు మెట్లు. ఆ పని నువ్వు చేయకు, డెంటిస్టు చేయాలి. వీలైతే ఇద్దరు డెంటిస్టులు విడివిడిగా, ఎవరు ఎప్పుడు పుట్టారో తెలియకుండా ఫొటోలు చూసి మార్కులు వేయాలి. అందుకని నీకు డెంటల్ కాలేజీ నుంచి కో-గైడ్ కావాలి. నీళ్లు, మూత్రం నమూనాలు నీవి.

ఇక్కడే నువ్వు ఆ ఊరి పిల్లవి కావడం పనికొస్తుంది. బయటివాళ్లకు తట్టని ఒక చిక్కు చెబుతాను. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. పెద్ద పిల్ల పుట్టిన నెలలు అమ్మమ్మ ఊరి నీళ్లతో గడుస్తాయి, మూడో నెలకో ఐదో నెలకో తండ్రి ఊరికి వస్తుంది. రెండో కాన్పుకు పుట్టింటికి పోకపోవచ్చు, పోయినా తొందరగా తిరిగొస్తారు. అమ్మమ్మది సాగర్ కాలువ కింది ఊరైతే అక్క పళ్లు బాగుండి, మర్రిగూడలోనే ఉన్న తమ్ముడి పళ్లు పాడవొచ్చు. ప్రశ్నపత్రంలో ‘పుట్టిన ఊరు’ అని ఒక్క గడి పెట్టి ఊరుకుంటే లెక్క మొత్తం తలకిందులవుతుంది. ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎక్కడున్నారు, తల్లిపాలు ఎన్నాళ్లు, డబ్బా పాలు కలిపింది ఏ నీళ్లతో, హైదరాబాద్‌కు పనికి పోయి ఉన్నది ఎన్నేళ్లు - ఇవన్నీ అడగాలి. ఇవి తల్లికి గుర్తుంటాయి. తండ్రిని అడిగితే టైం వేస్టు.

నల్లా ఎప్పుడు వచ్చిందో కాగితం మీది తేదీని కూడా నమ్మకు. పైపు వేసిన తేదీ ఒకటి, నీళ్లు వచ్చిన తేదీ ఒకటి, జనం ఆ నీళ్లు తాగడం మొదలుపెట్టిన తేదీ ఇంకోటి. మీ ఊళ్లోనే చూడు. నల్లా నీళ్లతో గిన్నెలు కడిగి, తాగడానికి ఫిల్టర్ ప్లాంట్ నుంచి 20 లీటర్ల క్యాన్ తెచ్చుకునే ఇళ్లు ఎన్ని ఉన్నాయి? అన్నం, పప్పు వండేది దేంతో? పొలం దగ్గర దాహమేస్తే తాగేది ఏది? బత్తాయి తోటలో డ్రిప్పు పైపు ఊడదీసి దోసిలి పట్టే అలవాటు మీ నాన్నకు లేదంటే నేను నమ్మను. ఆ దోసిలిలోది బోరు నీళ్లే. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. మీ వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉన్నవి ఉన్నాయని నీకు తెలుసు. ఇంట్లో మంచినీళ్లు తాగి చేను దగ్గర రోజంతా అవి తాగితే?

నమూనాలు ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి తీసుకో. ఏప్రిల్, మే నెలల్లో నల్లా సతాయిస్తే జనం మళ్లీ బోరు మీద పడతారు, అది ఒక్క సీజన్ చూసినవాడికి కనపడదు. సీసా గాజుది వద్దు, ప్లాస్టిక్‌ది వాడు. పటిక వేసిన నీళ్లయితే టిసాబ్ (ఫ్లోరైడ్‌ను విడిపించే బఫర్ ద్రావణం) కలపకుండా ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ పెట్టకు. అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని దాచేస్తుంది, అంకె తక్కువ చూపించి మోసపోతావు. ఇది నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను, ఫీల్డులో హడావిడిలో వదిలేసేది ఇలాంటివే.

పెద్ద పిల్లలు చాలామంది గురుకులాల్లో ఉంటారు. దసరాకు, సంక్రాంతికి ఇళ్లకు వచ్చినప్పుడే అక్కాతమ్ముళ్లు ఒక్కచోట దొరుకుతారు. నీ ఫీల్డ్‌వర్క్ క్యాలెండర్ యూనివర్సిటీ సెమిస్టర్‌ను బట్టి కాదు, ఈ సెలవులను బట్టి వేసుకో.

మెషీన్ లెర్నింగ్ సంగతి. మీ సార్‌ను తీసిపారేయకు, ఆయన నీ మేలు కోరే చెప్పారు. పీహెచ్‌డీ సమర్పించే ముందు పేపరు అచ్చయి ఉండాలన్న నిబంధనను యూజీసీ 2022 నియమాల్లో తీసేసింది కానీ, రేపు ఉద్యోగానికి ఇంటర్వ్యూలో కూర్చుంటే పేపర్లు అడుగుతారు. అందుకని ఆయన టాపిక్‌ను నీ థీసిస్‌లో ఒక అధ్యాయం చెయ్యి. నువ్వు ఇంటింటికీ తిరిగి తెచ్చిన అంకెలు చేతిలో ఉంటే మోడల్‌కు ఆ ఇంటి మనిషి నిజంగా తాగింది ఎంతో నేర్పొచ్చు. ఎవరో ఎప్పుడో కొలిచిన బోర్ల డేటాను డౌన్‌లోడ్ చేసి మూడు రకాల అల్గారిథమ్‌లు నడిపి ‘మాది 2 శాతం మెరుగు’ అని రాయడం అయితే దానికి మర్రిగూడ అక్కర్లేదు, ఏ ఊళ్లో కూర్చునైనా చేయొచ్చు. అలాంటి పేపర్లు నా టేబుల్ మీదికి ఎన్నో వచ్చాయి. చదివాక ఊరి పేరు కూడా గుర్తుండదు.

పరిశోధన వల్ల ఊళ్లకు ఒరిగేదేమిటని అడిగావు. నీళ్ల దగ్గరే ఆగకుండా మీ పక్కనున్న పాలమూరు వైపు ఒకసారి చూడు. మీకు పెద్దదూరం కాని మాడ్గుల్ దగ్గరి ఔరేపల్లి, దేవరకద్ర దగ్గరి డోకూర్ ఊళ్లలో 1975 నుంచి మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు ఇల్లిల్లూ లెక్క రాశారు. చుట్టపుచూపుగా వచ్చిపోవడం కాదు, లెక్కలు రాసే కుర్రవాళ్లు ఊళ్లోనే కాపురముండి ఎవరింట్లో ఎంత పండింది, ఎంత అప్పు తెచ్చారు, ఎన్ని రోజులు కూలికి పోయారు అని ఏళ్ల తరబడి రాశారు. ఆ పుస్తకాల ఆధారంగానే అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ఒక పేరుమోసిన వ్యాసం రాశారు. పంట పోయిన ఏడాది కూడా ఆ ఇంటి తిండి ఖర్చు పంట తగ్గినంతగా తగ్గదు, అప్పులో, చేబదులో, చుట్టాలో, ఊరే ఒకరినొకరు కొంత ఆదుకుంటుంది అని చూపించారు. ఔరేపల్లి అవ్వలకు ఇది చెబితే ‘గిదానికి అమెరికా నుంచి రావాల్నా’ అంటారు, అది వేరే సంగతి. కానీ ఎంత ఆదుకుంటుంది, భూమిలేని కూలివాణ్ని ఎక్కడ వదిలేస్తుంది అన్నది లెక్క లేకుండా తెలియదు.

2003లో దేశంలోనే మొదటిసారి వాన ఆధారంగా చెల్లించే పంట బీమాను చిన్న అప్పులిచ్చే సంస్థ బేసిక్స్, బీమా కంపెనీ ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి మొదలుపెట్టింది కూడా మహబూబ్‌నగర్ జిల్లాలోనే, పల్లి, ఆముదం రైతులకు. వాన పడకపోతే పొలం చూడకుండానే డబ్బులొస్తాయి. కాగితం మీద చూస్తే పాలమూరు రైతు ఎగబడి కొనాలి. కొనలేదు. ఎందుకో తెలుసుకోవడానికి పరిశోధకులు ఇంటింటికీ తిరిగారు. విత్తనాలు కొనే అదునులోనే ప్రీమియం కట్టమంటే చేతిలో రూపాయి ఉండదు. పైగా వచ్చిన మనిషి ఎవరో తెలియదు. తమకు నమ్మకమున్న సంస్థ మనిషి పక్కన ఉండి ‘ఇతను మనవాడే’ అని చెబితే కొనేవాళ్లు పెరిగారు. రైతుకు తెలివి లేదు, అవగాహన కల్పించాలి అని మీటింగుల్లో మాట్లాడేవాళ్లకు ఇది మంచి జవాబు. నీ నీళ్ల విషయంలోనూ ఇదే ప్రశ్న ఉంది. నల్లా నీళ్లను జనం నమ్ముతున్నారా లేదా, నమ్మకపోతే ఎవరు చెబితే నమ్ముతారు? అది కెమిస్ట్రీ కాదని వదిలేయకు. పాలమూరు యూనివర్సిటీలోనో, మీ యూనివర్సిటీలోనే ఎకనామిక్స్‌లోనో ఒక స్నేహితురాలిని పట్టుకుని క్యాన్ల ఖర్చు మీద కలిసి ఒక పేపరు రాయి. నెలకు ఒక ఇల్లు నీళ్లకు పెట్టే డబ్బు కూలి రోజుల్లో ఎంతవుతుందో లెక్క కట్టు చాలు.

ఉస్మానియా పీజీ సెంటర్లు తప్ప ఏమీ లేని మన జిల్లాలకు 2007లో నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. పెద్ద పెద్ద పరికరాలు ఇక్కడ లేకపోవచ్చు. పొద్దున బస్సెక్కి ఊరికి పోయి రాత్రికి హాస్టల్‌కు వచ్చేసే వీలు మాత్రం హైదరాబాద్ వాళ్లకు లేదు. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ కోట్ల రూపాయల యంత్రం కాదు, మీ డిపార్ట్‌మెంట్‌లోనే దొరుకుతుంది.

మళ్లీ నానమ్మ దగ్గరికి వద్దాం. నమూనా ఇచ్చిన ప్రతి ఇంటికీ రెండు వారాల్లో ఒక చీటీ వెళ్లాలి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ‘మీ ఇంటి నల్లా నీళ్లు తాగవచ్చు. మీ చేను బోరు నీళ్లు తాగవద్దు, పంటకు పర్లేదు’ - ఇంతే. చదువు రాని ఇంట్లో నోటితో చెప్పాలి. దీనికి థీసిస్ పూర్తయ్యేదాకా ఆగాల్సిన పనేమీ లేదు. నీ పరిశోధన ప్రతిపాదనలోనే ఇది ఒక పనిగా రాసి, చీటీల ప్రింటింగుకు, బస్సు ఛార్జీలకు బడ్జెట్ చూపించు. రాయకపోతే జరగదు, మూడో ఏడాదికి నీకే తీరిక ఉండదు. ఎవరి పిల్లల పళ్లు ఎలా ఉన్నాయన్నది మాత్రం ఆ తల్లిదండ్రులకు తప్ప పక్కింటికి కూడా తెలియకూడదు. ఫ్లోరైడ్ ఊరి పిల్ల అని సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు నీకు నాకన్నా ఎక్కువ తెలుసు. ముఖం కనిపించేలా ఫొటో వద్దు, పెదవులు, పళ్ల వరకే. మూత్రం నమూనాకైనా, పళ్ల ఫొటోకైనా ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకం, కొంచెం పెద్ద పిల్లలైతే వాళ్ల ఒప్పుకోలు కూడా తప్పనిసరి. ఇది నెలలు పట్టే పని, చేరిన వెంటనే దరఖాస్తు పెట్టు.

నానమ్మకు ఆశలు మాత్రం పెట్టకు. వంగిన ఎముక మంచినీళ్లతో తిరిగి నిలబడదు. చింతపండు రోజూ ఇస్తే బడి పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని పోషకాహార సంస్థ వాళ్లు 2002లో చూపించారు, అది నిజం. ‘పులుసు తాగితే ఫ్లోరోసిస్ మాయం’ అని వాట్సాప్‌లో తిరిగేది నిజం కాదు. ఆమెకు ఇప్పుడు కావలసింది నొప్పికి మందు, పట్టుకుని నడవడానికి కర్ర, మరుగుదొడ్డిలో పట్టుకునే కమ్మీ, పెన్షన్ సరిగ్గా రావడం. ఇవి పరిశోధన కోసం ఎదురుచూడాల్సినవి కావు, ఈ వారంలో నువ్వే చూడొచ్చు.

నాన్న ప్రశ్నకు వస్తే, ఆయన భయం న్యాయమైనదే. నీకు జేఆర్ఎఫ్ లేకపోయి ఉంటే నేనూ ఆయన పక్కనే నిలబడేవాణ్ని. ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరి, పార్ట్‌టైం పాఠాలు చెప్పుకుంటూ ఏడెనిమిదేళ్లు ఈడ్చినవాళ్లను చాలామందిని చూశాను. నీకు నెలకు రూ. 37,000, రెండేళ్లయ్యాక పని బాగుంటే రూ. 42,000 వస్తుంది, ఇంటి అద్దె భత్యం వేరే. నెలల తరబడి ఆగి ఒక్కసారిగా పడటం మామూలే కాబట్టి మొదటి ఏడాది చేతిలో కొంత దాచుకో. గ్రూప్-2 ఏమన్నా తొందరగా తేలుతుందా అని నాన్నను అడుగు. 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ ఇస్తే వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ఆ రెండేళ్లు కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దె, మెస్సు బిల్లు ఇంటి నుంచే కట్టాలి. ఇక్కడ నెలనెలా నీకే వస్తుంది. రెండూ ఒకేసారి చేస్తానంటావేమో, వద్దు. రెండు పడవల్లో కాళ్లు పెట్టి రెండూ పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, ఆడపిల్లలకు ఇంకో రెండేళ్ల సడలింపు, ప్రసవానికి 240 రోజుల సెలవు కూడా ఉంది. మధ్యలో పెళ్లి మాట వస్తుంది, తప్పదు. అప్పుడు టెన్షన్ పడకుండా ఈ నియమం కాపీ ఒకటి దగ్గర పెట్టుకో, వచ్చేవాళ్లకు కూడా చూపించొచ్చు.

ఉద్యోగం గ్యారంటీ అని మాత్రం నేను చెప్పను. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో లెక్చరర్ పోస్టులు ఏళ్లుగా ఖాళీగా ఉంటున్నాయి, భర్తీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. నీళ్ల పరీక్ష, ఎపిడెమియాలజీ (జనంలో జబ్బు ఎవరికి, ఎందుకు వస్తుందో లెక్కగట్టే శాస్త్రం), ఫీల్డు డేటా మూడూ తెలిసినవాళ్లకు తాగునీటి, ప్రజారోగ్య సంస్థల్లో పని దొరుకుతుంది. ఒట్టి బోర్ల పట్టిక చేసినవాళ్లకు ఆ దారి ఇరుకు. టాపిక్ ఎంచుకునేటప్పుడు ఇది కూడా లెక్కలోకి తీసుకో.

గైడు దగ్గరికి వెళ్లేముందు ఆయన దగ్గర ఇప్పటికే చేస్తున్న ఇద్దరు సీనియర్లతో టీ తాగు. డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని రోజులకు చదివి ఇస్తారు, ఫీల్డుకు పంపిస్తారా, సొంత పనులు చేయిస్తారా అని అడుగు. టాపిక్ నచ్చకపోయినా మనిషి మంచివాడైతే నెట్టుకురావచ్చు. తర్వాత రెండు పేజీలు రాసుకుని ఆయన్ను కలువు. అందులో ఒక ఊరు, అక్కాతమ్ముళ్లు ఉన్న ఇళ్లు ఎన్ని దొరుకుతాయో అంగన్‌వాడీ టీచర్‌ను అడిగి తెచ్చిన అంచనా, డెంటల్ కాలేజీలో ఒకరి పేరు, ఆయన మెషీన్ లెర్నింగ్‌కు ఒక అధ్యాయం ఉండాలి. అప్పుడు కూడా ‘కొత్తదేం లేదు’ అంటే ఏ పేపర్లో ఇది వచ్చిందో చూపించమని మర్యాదగా అడుగు. ఆయన చూపిస్తే ఆ పేపరు నాకూ పంపించు, చదివి మళ్లీ రాస్తాను.